ఉరవని స్లాబుని ఏ టేపుతోని కొలుస్తవ్?

తెలుగులో బూజు అంటే రెండు వస్తువులు. ఇంటి మూలల్లో సాలీడు అల్లేదీ బూజే, మూత పెట్టడం మర్చిపోయిన పచ్చడి మీద లేచేదీ బూజే. మొదటిది బయటి నుంచి వస్తుంది, కర్రకి చీపురు కట్టి దులిపితే పోతుంది. రెండోది నీళ్ళ మీద బతుకుతుంది. గోడ మీద అది కనపడిందంటే గోడలోకో, పైన స్లాబులోకో నీళ్ళు దిగుతున్నాయని అర్థం. దాన్ని చీపురుతో దులిపితే పోదు సరికదా, దాని రేణువులు లేచి గదంతా పరుచుకుంటాయి.

నాగల్‌గిద్ద వైపు ఈ తికమక ఉండనక్కరలేదు. సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడ్ దాటాక, కర్ణాటకని ఆనుకుని ఉన్న మండలం అది. తెలుగూ కన్నడమూ మరాఠీ మూడూ వినపడే నేల. కన్నడంలో తడికి పట్టేది బూష్టు, సాలీడుది జేడర బలె. మరాఠీలో తడికి పట్టేది బుర్శి, సాలీడుది జళమట. వేరువేరు జబ్బులకి వేరువేరు పేర్లు. ప్రభుత్వ భవనాల మీద డబ్బులు ఖర్చుపెట్టే మన పద్ధతికి మాత్రం తెలుగు ఒక్కటే వచ్చినట్టుంది. ఎక్కడ బూజు కనపడినా దులపడం, పైన రంగు వెయ్యడం, బిల్లు పెట్టుకోవడం.

బూజు తీయడానికి సర్కారు ఖర్చు పెట్టడం లేదని కాదు నా ఫిర్యాదు. పెడుతోంది, మళ్ళీ మళ్ళీ పెడుతోంది. పెట్టేదంతా బూజు కనపడకుండా చెయ్యడానికి. నీళ్ళు దిగకుండా చెయ్యడానికి మన లెక్కల పుస్తకాల్లో సరైన గడి కూడా లేదు.

ఈ సంగతి నాకు చెప్పింది ఒక పెద్దమనిషి. వరసకి చిన్నాయన అవుతాడు. చాలా ఏళ్ళు వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. "ప్రతి ఏడూ రంగు వేస్తరు గదా చిన్నాయనా, ఆ పైసలతోని ఒక్కసారి స్లాబు బాగు చేపిస్తే అయిపోదా?" అని అడిగాను. నవ్వాడు. "రంగు వేస్తే ఎన్ని చదరపు మీటర్లు వేసినవో ఎం.బి.ల రాస్తం బిడ్డా. ఉరవని స్లాబుని ఏ టేపుతోని కొలుస్తవ్?"

ఎం.బి. అంటే మెజర్‌మెంట్ బుక్. ప్రభుత్వ పని ఏదైనా సరే, కొలిచి అందులో రాస్తేనే బిల్లు. ఉరవడం అంటే కారడం, పట్నం పిల్లలకి చెబుతున్నాను. చేసిన పనిని కొలవచ్చు, జరగని నష్టాన్ని కొలవలేం. వానాకాలానికి ముందు ఒక మనిషి డాబా ఎక్కి, నీళ్ళు పోయే పైపులో ఇరుక్కున్న ఎండాకులు తీసి, పిట్టగోడ మొదట్లో పడ్డ పగులు పూడ్చి, పొంగే ట్యాంకుకి బంతి బిగించి దిగాడనుకోండి. అరపూట పని. ఫోటోకి పనికిరాదు, శంకుస్థాపనకి అంతకంటే పనికిరాదు. ఎండాకులు తీసినందుకు శిలాఫలకం వేసుకున్న నాయకుడు నాకింతవరకూ కనపడలేదు.

మా ఊళ్ళల్లో మట్టి మిద్దెలున్న రోజుల్లో ఈ అరపూట పనికి ఒక తారీఖు ఉండేది. మిర్గం. జూన్ ఏడో, ఎనిమిదో. ఆ లోపు మిద్దె మీద కొత్త సౌడు పరవాలి, తూము బాగుచేసుకోవాలి. ఎవరికీ ఎవరూ సర్క్యులర్ పంపేవాళ్ళు కాదు. పంపకపోతే ఏమయ్యేది? జొన్నలు తడిసేవి. ఎవరి మిద్దె, వాళ్ళ జొన్నలు.

సర్కారు సంవత్సరానికి మిర్గం తెలియదు, దానికి తెలిసింది మార్చి 31. జూలైలో స్లాబు ఉరుస్తుంది. హెడ్మాస్టరు ఉత్తరం రాస్తాడు. దసరాకి అంచనా తయారవుతుంది, సంక్రాంతికి మంజూరు వస్తుంది. నిధులు మురిగిపోతాయన్న భయంతో మార్చిలో పని మొదలవుతుంది. మార్చిలో గోడ ఎట్లుంటుంది? ఎండి బొక్కలాగా ఉంటుంది. ఎక్కడి నుంచి నీళ్ళు దిగాయో వెతుకుదామన్నా చుక్క ఆనవాలు దొరకదు, మిగిలింది నల్లటి మరక. దాన్ని గీకి, పుట్టీ పెట్టి, రంగు కొడతారు. అంచనా రాసినవాడు, రంగు వేసినవాడు, బిల్లు పాసు చేసినవాడు అందరూ నిజాయితీపరులే అయినా సరే, జూలైకి ఆ మరక మళ్ళీ వస్తుంది. అందుకే దీన్ని అవినీతి కథగా చెప్పడం నాకిష్టం లేదు. దొంగ దొరికితే కథ అయిపోయిందనుకుంటాం. ఇక్కడ దొంగ లేకపోయినా సొమ్ము పోతుంది.

నాగల్‌గిద్ద పేరు ఊరికే ఎత్తలేదు. 2016 అక్టోబర్‌లో తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31, మండలాలు 459 నుంచి 584 అయ్యాయి. అప్పుడు మనూరు మండలంలోంచి విడివడి పుట్టిందిది. మండలం పుట్టడానికి ఒక జీవో చాలు. ఆఫీసులకి గోడలూ కప్పూ కావాలి కదా. రాష్ట్రంలో చాలాచోట్ల కొత్త మండలాల ఆఫీసులు పాత బడి గదుల్లో, అద్దె ఇళ్ళల్లో, వేరే శాఖ వదిలేసిన భవనాల్లో మొదలయ్యాయి. సొంతం కాని కప్పుని ఎవరు బాగు చేస్తారు? ఉన్నవాళ్ళకి హక్కు లేదు, హక్కున్నవాళ్ళు అక్కడ ఉండరు. పైగా ఈ ప్రాంతంలో చాలా మేరకు నల్ల రేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, దాని మీద కట్టిన గోడనీ తనతోపాటు ఊపుతుంది. పునాది సరిగ్గా లేకపోతే గోడ పగులుతుంది, పగులులోంచి నీళ్ళు దిగుతాయి. హైదరాబాదులో గ్రానైటు మీద కట్టే భవనానికీ రేగడి మీద కట్టే భవనానికీ ఒకే రకం నమూనా, ఒకే రకం నిర్వహణ అంటే కుదరదు.

ఇంకో విడ్డూరం చూడండి. ఈ తాలూకా నీళ్ళకి మొహం వాచిన తాలూకా. 2022 ఫిబ్రవరి 21న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నారాయణఖేడ్ వచ్చి సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకి శంకుస్థాపన చేశారు. అంచనా రూ.4,427 కోట్లు. పొలానికి నీళ్ళు తేవాలంటే అంత కావాలి, నిజమే, రావాలి కూడా. అదే నీళ్ళు పిలవకుండా వచ్చి బడి గోడలో కూచుంటే మాత్రం బయటికి పంపే పదివేల రూపాయలకి దిక్కుండదు.

బడి అన్నాను కాబట్టి బడి లెక్కే చూద్దాం. సమగ్ర శిక్షా కింద ప్రతి ప్రభుత్వ పాఠశాలకీ ఏటా కాంపోజిట్ గ్రాంటు అని ఒకటి వస్తుంది. దాని లెక్క ప్రకారం 30 మంది దాకా పిల్లలున్న బడికి రూ.10,000. 31 నుంచి 100 మంది దాకా రూ.25,000. 250 మంది దాకా రూ.50,000. చాక్‌పీసులు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, ప్రయోగాల సామాను, శుభ్రతా, చిన్న మరమ్మతులూ అన్నీ అందులోనే. ఇందులో మతలబు ఏమిటంటే డబ్బు పిల్లల తలల్ని బట్టి వస్తుంది, స్లాబు వయసుని బట్టి కాదు. పాత భవనం, గోడలు నెమ్మెక్కాయి, తల్లిదండ్రులు పిల్లల్ని తీసి ప్రైవేటులో వేశారు. పిల్లలు తగ్గారు కాబట్టి గ్రాంటు తగ్గింది. గ్రాంటు తగ్గింది కాబట్టి గోడ ఇంకా నెమ్మెక్కింది. పిల్లలు ఇంకా తగ్గారు. ఈ మెట్ల చివర 'పిల్లలు లేరు కాబట్టి బడి మూసేస్తున్నాం' అన్న ఉత్తర్వు ఉంటుంది. వానకి పిల్లల సంఖ్య చూసి తక్కువగా కురిసే మర్యాద లేదు.

పెద్ద డబ్బులు రాలేదా అంటే వచ్చాయి. 2022లో 'మన ఊరు - మన బడి' మొదలైంది. 26,065 బడులు, మూడేళ్ళు, రూ.7,289 కోట్లు, 12 రకాల పనులు. మరమ్మతులు ఆ పన్నెండులో ఒకటి, మొత్తం బడికి రంగులు వెయ్యడం ఇంకొకటి. కాగితం మీద రెండూ సమానమే. ఏది ముందు కనపడుతుందో, ఏది ముందు ఫోటో అవుతుందో మీకు తెలుసు. పథకాన్ని తీసిపారేయను. టాయిలెట్లు వచ్చిన చోట ఆడపిల్లలకి అది చిన్న సంగతి కాదు. కానీ పథకం అనేది పెళ్ళిలాంటిది. ఒకసారి ఘనంగా జరుగుతుంది. కాపురం సంగతి బడ్జెట్లో ఉండదు. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, 2024లో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలొచ్చాయి. పనులు మహిళా సంఘాల చేతికి ఇవ్వడం నాకు నచ్చింది. అయితే ఆ కమిటీకైనా ఏటా మిర్గం ముందు డాబా ఎక్కించే ఖర్చు ఇస్తేనే అది నిర్వహణ, లేకపోతే అదీ ఇంకో పెళ్ళే.

రంగు మీద మనకున్న మోజు ఎక్కడిదాకా పోయిందో చూడాలంటే పక్క రాష్ట్రం వెళ్ళాలి. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఆఫీసులకి అధికార పార్టీ జెండా రంగులు వేశారు. 2020 మార్చి 10న హైకోర్టు తీసెయ్యమంది. సుప్రీంకోర్టు కాదనలేదు. సర్కారు ఆ రంగులకి ఎర్రమట్టి రంగు ఒకటి కలిపి, ఇది పార్టీది కాదు, దీనికి అర్థాలు వేరని కొత్త జీవో తెచ్చింది. అదీ నిలవలేదు. జూన్ 3న సుప్రీంకోర్టు నాలుగు వారాల్లో తీసెయ్యమని తేల్చింది. ఒకే గోడ మీద వెయ్యడానికి ప్రజల డబ్బు, తియ్యడానికి ప్రజల డబ్బు, మధ్యలో వాదించడానికి ప్రజల డబ్బు. ఇన్ని కోర్టులు ఎక్కి దిగిన ఆ గోడ లోపల పొడిగా ఉందా అని అడిగినవాళ్ళెవరూ లేరు. ప్రతిపక్షం కూడా అడగలేదు. దానికీ గోడ అంటే రంగే.

రంగు సంగతిలో ఇంకో మాట. వెనక సున్నం వేసేవాళ్ళు. సున్నానికి ఘాటు ఎక్కువ, దాని మీద బూజు తొందరగా పట్టదు. పైగా సున్నం వేసిన గోడ ఊపిరి పీలుస్తుంది, లోపలి చెమ్మని బయటికి వదులుతుంది. ఇప్పుడు వేసే ప్లాస్టిక్ రంగులు గోడకి రెయిన్‌కోటు తొడిగినట్టు. లోపల తడి లేకపోతే బాగుంటుంది. ఉంటే రెయిన్‌కోటు లోపల చెమట పట్టినట్టే, నీళ్ళకి దారుండదు, రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది. పాతదంతా గొప్పదని చెప్పడానికి కాదు, స్లాబు ఉరుస్తుంటే సున్నమైనా ఏం చేయలేదు.

ఇదే జబ్బు పెద్ద భవనానికి వస్తే ఏమవుతుందో ఉస్మానియా ఆస్పత్రి చెబుతుంది. మూసీ ఒడ్డున, విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో, 1925 నాటికి పూర్తయిన సున్నం కట్టడం. దానికి కావలసింది కప్పు మీద మొలిచే రావిమొక్కల్ని వేళ్ళతో సహా తియ్యడం, నీళ్ళ పైపులు మార్చడం, సున్నపు గచ్చుని సున్నంతోనే బాగుచెయ్యడం. 2015లో కూల్చి కొత్తది కడతామన్నారు. వారసత్వ కట్టడాన్ని కూల్చొద్దని ఇంకో పక్షం లేచింది. కూల్చాలా, ఉంచాలా? ఏళ్ళ తరబడి ఇదే చర్చ. ఉంచాలన్నవాళ్ళకి గుమ్మటం కనపడింది, కూల్చాలన్నవాళ్ళకి కొత్త టవర్లు కనపడ్డాయి. మధ్యలో ఎవరి వార్డులో కప్పు పెచ్చులూడి పడుతోందో వాళ్ళు రోగులు. 2020 జూలైలో వాన నీళ్ళు వార్డుల్లోకి వచ్చాయి. కరోనా రోజుల్లో, మంచాల కింద మోకాలి దగ్గరగా నీళ్ళు. ఆ బొమ్మలు దేశమంతా చూసింది. ఆ నెలాఖరులోపే పాత భవనం ఖాళీ చేయించి తాళం వేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన. రెండువేల పడకలు, సుమారు రూ.2,700 కోట్లు. కొత్త ఆస్పత్రి రావాలి, అందులో అనుమానం లేదు. నా ప్రశ్న, అక్కడ కప్పు మీది పైపుల్ని ఏటా ఎవరు చూస్తారన్నది ఆ అంచనాలో ఎక్కడైనా ఉందా?

సాహిత్యం చదవడానికి వచ్చినవాళ్ళకి ఈ పైపుల గోల ఏంటని మీకు అనిపిస్తూ ఉండాలి. మీ గోలే. పాత పుస్తకాల వాసన అంటే మనకి ప్రాణం. ఫోటోల కింద రాస్తాం, కవితల్లో పెడతాం. అందులో కొంత కాగితం తనంతట తాను ముసలిదవడం వల్ల వచ్చే తియ్యటి వాసన, సరే. ముక్కుని పట్టే ముతక వాసన మాత్రం బూజుది. మనం తన్మయత్వంతో పీల్చేది పుస్తకం చావుని. గ్రంథాలయాల కోసం మీరు కట్టే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు వసూలు చేస్తారు. 1960 నాటి చట్టం అది. వసూలు చేసిన పట్టణ సంస్థలు దాన్ని గ్రంథాలయ సంస్థలకి పూర్తిగా, వేళకి జమ చెయ్యవన్న మాట ఏటా వింటున్నాం. ఇచ్చిన దాంట్లోనూ పుస్తకాలెన్ని కొన్నారని అడుగుతాం, కొన్న పుస్తకాలు ఏ గోడకి ఆనుకుని ఉన్నాయని అడగం. మన పుస్తకం కొనలేదని అలిగే రచయితలు నాకు చాలామంది తెలుసు. బీరువా వెనక చెమ్మ ఉందని ఉత్తరం రాసిన రచయిత ఒక్కరూ తెలియదు. నేనూ రాయలేదు.

పుస్తకం పోతే ఇంకో ప్రతి దొరకొచ్చు. ఖాస్రా పహాణీకి ఇంకో ప్రతి ఎక్కడ? 1954-55లో రాసిన ఆ పహాణీలే తెలంగాణ భూములకి మూల పత్రాలు. అవి రాసేనాటికి నారాయణఖేడ్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, బీదర్ జిల్లాలో ఉంది. 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజనతో ఇటు వచ్చింది. జిల్లా మారింది, రాష్ట్రం రెండుసార్లు మారింది, మండలం మారింది. పత్రం మాత్రం ఆ కాగితమే. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. కంప్యూటర్లో తప్పు పడ్డ ప్రతిసారీ రైతుని అడిగేది పాత కాగితమే. ఆ కాగితం మీద సర్వే నంబరు పక్కన నల్లటి బూజు మచ్చ పడితే? మూడు తరాలు దున్నిన నేల మీద ఒక మచ్చ ఎంత విస్తీర్ణం ఉంటుంది, గుంటల్లో చెప్పాలా ఎకరాల్లోనా?

మనుషుల సంగతి చివరికి దాచాను. నేను చదువుకున్న ఒక హాస్టల్లో నా పెట్టె గోడ పక్కనుండేది. వానాకాలమంతా గోడ చెమర్చేది. నోటుబుక్కుల అట్టల మీద బూడిదరంగు నూగు లేచేది. లుంగీతో తుడిచేవాళ్ళం. నా పక్క పరుపు పిల్లవాడు రాత్రుళ్ళు పిల్లికూతలతో ఊపిరి తీసేవాడు. చలిగాలి పడలేదనుకునేవాళ్ళం. అధికారులొచ్చే ముందురోజు ఆ గోడకి తెల్లరంగు కొట్టారు. తడి గోడ మీద తడి రంగు. ఆ రాత్రి వాడు గదిలో పడుకోలేక వరండాలో కూచున్నాడు. మాకెవరికీ ఆ రెండిటికీ సంబంధం ఉంటుందని తట్టలేదు. 2009లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్ళల్లో చెమ్మ, బూజు మీద ఒక పుస్తకమే వేసింది. ఉబ్బసం, దగ్గు, ఊపిరి జబ్బులకీ చెమ్మ గదులకీ ఉన్న సంబంధం అందులో ఉంది. ఇంత బూజు వరకూ పరవాలేదు అని గీత గీయలేం, చెమ్మనే రానివ్వకూడదని తేల్చింది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు మన సర్కారు రోజుల్లో కదిలింది. అది వేరే జాతి, వేరే కథ, గోడ బూజుతో కలపకూడదు. కానీ ఫంగస్ అన్న మాట వింటే వ్యవస్థ కదలగలదని మాత్రం అప్పుడు చూశాం. గోడ మీదిది నెమ్మదిగా చంపుతుంది కాబట్టి దానికి తొందర లేదు.

ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊళ్ళో ఆవాబ్ ఇషాక్ అని రెండేళ్ళ పిల్లవాడు 2020 డిసెంబర్‌లో చనిపోయాడు. సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం, సామాజిక గృహ సంస్థ ఇచ్చిన ఇల్లు. గోడలకి బూజు ఉందని తండ్రి ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. పైన రంగు వేసుకోమన్నారు. ఆ బూజే పిల్లవాడి ప్రాణం తీసిందని 2022 నవంబర్‌లో విచారణాధికారి తేల్చారు. అక్కడ దాని మీద పెద్ద గొడవయింది, ఆ పిల్లవాడి పేరు మీదే చట్టం వచ్చింది. 2025 అక్టోబర్ 27 నుంచి అలాంటి ఇళ్ళల్లో ప్రమాదకరమైన చెమ్మ, బూజు ఉందని చెబితే 10 పనిదినాల్లో వచ్చి చూడాలి, అత్యవసరమైతే 24 గంటల్లో. మనకంటే ధనిక దేశం, నిజమే. కానీ చదవండి మళ్ళీ, అక్కడా మొదట చెప్పిన సలహా రంగే. డబ్బున్నా లేకపోయినా అధికారానికి మొదట తట్టేది అదే.

పేద రాష్ట్రం, ముందు గదులు కట్టనివ్వండి, తర్వాత నిర్వహణ చూద్దాం అంటారు. నేను దీన్ని తలకిందులుగా చదువుతాను. డబ్బున్నవాడు కూల్చి కట్టుకోగలడు. లేనివాడే కట్టినదాన్ని కాపాడుకోవాలి. మట్టి మిద్దె కింద బతికిన మా వాళ్ళు అదే చేశారు. కాబట్టి అడగాల్సింది కొత్త పథకం కాదు. కాంపోజిట్ గ్రాంటు పక్కన కప్పు విస్తీర్ణాన్ని బట్టి, భవనం వయసుని బట్టి వేరే డబ్బు, అది మార్చిలో కాక ఏప్రిల్‌లోనే చేతికి అందాలి. మంజూరుకి అడగబోయే ముందు, వానలో తడుస్తున్నప్పుడే తీసిన ఫోటో ఉండాలి. ఎం.బి.లో రంగు చదరపు మీటర్లకి పైన ఒక గడి: నీళ్ళు ఎక్కడి నుంచి దిగాయి? అది నింపకుండా రంగు బిల్లు పాసు కాకూడదు.

ఇది ఎవరో ఇచ్చేదాకా ఆగక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తుకి గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. మీరు చదివిన బడికి, మీ ఊరి గ్రంథాలయానికి, మీ తాత పహాణీ ఉన్న తహసీల్ ఆఫీసుకి రాయండి. నాగల్‌గిద్ద కావచ్చు, నర్సంపేట కావచ్చు. రెండే ప్రశ్నలు. గత అయిదేళ్ళలో ఈ భవనానికి రంగులకెంత, కప్పుకెంత ఖర్చయింది? పోయిన మిర్గం లోపు డాబా ఎక్కి చూసి సంతకం పెట్టిన ఉద్యోగి హోదా ఏమిటి, తేదీ ఏమిటి?